కత్తి గురువుకు వచ్చిన ఉత్తరం



ఈసారి రాత కొంచెం పొడుగు. తీరిగ్గా కూర్చొని చదవండి. మన పిల్లలు చాలామంది ఇప్పుడు కరాటేకో, సిలంబానికో పోతున్నారు. సాయంత్రమైతే తెల్లబట్టలు వేసుకొని నడుముకు పట్టీ కట్టుకొని సైకిళ్ళ మీద పోయే పిల్లలు మన వీధుల్లో కూడా కనిపిస్తున్నారు. సంతోషమే. దానికి తోడు వాట్సాప్‌లో ఒక మెసేజీ చాలా రోజులుగా తిరుగుతూ ఉంది. కాంచీపురం పల్లవ రాజకుమారుడు బోధిధర్ముడు చైనాకు పోయి షావోలిన్ మఠంలో కుంగ్‌ఫూ నేర్పాడట. పల్లవులు మొదట గుంటూరు వైపువాళ్ళట. కాబట్టి కుంగ్‌ఫూ, కరాటే అన్నీ తెలుగువాళ్ళు లోకానికి ఇచ్చినవేనట. దీన్ని ఈ ఏడు మన మలర్‌లో బొమ్మతో సహా మొదటి పేజీలో వేయాలని కొందరు అడిగారు. మలర్ పని చూసేవాళ్ళలో మేమూ ఉన్నాం గనుక, అచ్చుకు ఇచ్చేముందు కొంచెం చదివి చూశాం. మేము బడిలో చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నవి. భాషలో ఎక్కడైనా అరవం వాసన వస్తే సర్దుకొని చదవండి.

ముందు మెసేజీలో నిజమైన భాగం చెప్తాం. పల్లవులకు, ఆంధ్ర సీమకు సంబంధం ఉంది, అందులో అనుమానం లేదు. వాళ్ళ తొలినాటి ప్రాకృత శాసనాల్లో ఒకటి గుంటూరు వైపు మైదవోలులో దొరికింది. శివస్కందవర్మ యువమహారాజుగా ఉన్నప్పుడు కంచి నుంచి ధాన్యకటకంలోని అధికారికి ఇచ్చిన ఆజ్ఞ అది. అదే రాజు ఇచ్చిన ఇంకొక శాసనం బళ్ళారి వైపు హిరేహడగళ్ళిలో దొరికింది, కర్ణాటకలో ఉన్న మన సభ్యులకు ఆ ఊరు తెలిసే ఉంటుంది. ఇంతవరకు రాగిరేకుల మీద ఉన్న మాట.

ఇక బోధిధర్ముడు. 2011లో సూర్య నటించిన సినిమా వచ్చిన తర్వాత తమిళనాట ఈయన పేరు తెలియని పిల్లవాడు లేడు. దాన్నే తెలుగులో సెవెన్త్ సెన్స్ అని చూశారు. సినిమా సంగతి వదలి చైనావాళ్ళ పాత పుస్తకాలు ఏం చెప్తున్నాయో చూస్తే లెక్క వేరుగా ఉంది. అందరికంటే ముందు ఈయన పేరు రాసినవాడు యాంగ్ షువాన్‌జీ, 547లో, లోయాంగ్ పట్నంలోని గుళ్ళ గురించి రాసిన పుస్తకంలో. ఆయన బోధిధర్ముణ్ణి పారశీక దేశపు ముసలి సన్యాసి అన్నాడు. ఆ తర్వాత తాన్‌లిన్ అనేవాడు, దక్షిణ భారతంలో ఒక గొప్ప రాజుకు మూడో కొడుకు అని రాశాడు. 645 నాటికి దావోషువాన్ రాసిన సన్యాసుల చరిత్రలో దక్షిణ భారత బ్రాహ్మణుడు అని ఉంది. కంచి పేరు ఈ మూడింటిలోనూ లేదు. పల్లవ అనే మాట లేదు. పిడికిలి బిగించిన సంగతి అసలే లేదు. గోడకు ఎదురుగా కదలకుండా కూర్చున్నట్టు ధ్యానం చేశాడు, అదే నేర్పాడు, అంతే ఉంది.

మరి కుంగ్‌ఫూ కథ ఎక్కడినుంచి వచ్చింది? ఈజిన్ జింగ్ అని ఒక వ్యాయామ గ్రంథం ఉంది, నరాలను మార్చే పుస్తకం అని అర్థం. అందులో 1624 నాటి చివరిమాట ఉంది. ముందుమాట మాత్రం వెయ్యేళ్ళ కింద ఒక సేనాపతి రాశాడని పెట్టారు. ఆ ముందుమాటలో కల్పిత కథలోని ఒక పాత్ర నిజమైన మనిషిలాగా వచ్చి పోతాడు! పద్దెనిమిదో శతాబ్దంలోనే లింగ్ తింగ్‌కాన్ అనే చైనా పండితుడు దాన్ని పట్టుకొని, ఇది చదువురాని పల్లెటూరి గురువు అల్లిన పని అని తేల్చేశాడు. 1930లలో తాంగ్ హావో అనే ఆయన కుస్తీవాడూ చరిత్రకారుడూ అయి ఉండి, బోధిధర్ముడికీ షావోలిన్ యుద్ధవిద్యకూ సంబంధం లేదని వివరంగా రాశాడు. షావోలిన్ మఠం కట్టింది 495లో, ఇంకొక భారతీయ సన్యాసి కోసం. ఆ మఠం సన్యాసులు 621లో యుద్ధంలో దిగి తాంగ్ వంశానికి సాయం చేశారు, దానికి 728 నాటి రాతి శాసనం ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఇంకో తమాషా. ఆ మఠంవాళ్ళు తమ కర్రసాముకు మూలపురుషుడుగా చెప్పుకొన్నది బోధిధర్ముణ్ణి కాదు, కిన్నరుణ్ణి. వంటశాలలో పనిచేసే సన్యాసి ఒకడు పొయ్యి ఎగదోసే కర్ర పట్టుకొని దొంగల దండును తరిమాడని, ఆయన కిన్నర దేవుడి అవతారమని వాళ్ళ ఐతిహ్యం. పేరు మనదే, కథ వాళ్ళది.

ఇంతవరకు చదివి కొందరికి ముఖం చిన్నబోతుందని మాకు తెలుసు. అయితే మెసేజీ రాసినవాడు ఒక సంగతి వదిలేశాడు. మన దేశం నుంచి నిజంగా పోయినది కుంగ్‌ఫూ కన్నా పెద్దది. ధ్యానం అనే మాటే ప్రాకృతంలో ఝాన అయి, చైనాలో చాన్ అయి, జపాన్‌లో జెన్ అయింది. బోధిధర్ముడి పేరుతో మిగిలిన చిన్న బోధలో నాలుగు సాధనలు చెప్తారు. వాటిలో మొదటిది, కష్టం వచ్చినప్పుడు ఎదుటివాణ్ణి నిందించకుండా, ఇది నేను చేసినదాని ఫలమే కదా అని తన లోపలికి చూసుకోవడం. చైనావాళ్ళ పిడికిలికి కాదు, జపాన్‌వాళ్ళ కత్తికి ఈ చూపు ఎలా అతుక్కొందో అదే ఈ రోజు అసలు కథ.

1600 తర్వాత జపాన్‌లో తోకుగావా వంశం దేశం మొత్తాన్ని చేతిలోకి తెచ్చుకొంది. 1615లో ఒసాకా కోట పడిపోయాక పెద్ద యుద్ధాలు ఆగిపోయాయి. లక్షలమంది సమురాయిలు నడుముకు రెండు కత్తులు కట్టుకొని, కొట్టడానికి ఎవరూ లేక కూర్చున్నారు. అప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. యుద్ధం లేనప్పుడు ఈ సాధన దేనికి? దానికి జవాబు వెతికినవాళ్ళలో పెద్దవాడు యాగ్యూ మునెనోరి. 1571లో పుట్టాడు. వాళ్ళ నాన్న 1594లో తోకుగావా ఇయెయాసు ఎదుట చేతిలో ఏమీ లేకుండా కత్తివాణ్ణి పట్టేసి చూపించాడు. ఇయెయాసు తనకు గురువుగా ఉండమంటే, నాకు వయసైపోయింది, మా అబ్బాయిని పెట్టుకోండి అన్నాడు. ఆ అబ్బాయే మునెనోరి. తర్వాత షోగన్లకు కత్తి గురువు అయ్యాడు. 1632లో ఒమెత్సుకె పదవి కూడా ఇచ్చారు, అంటే దేశంలోని ప్రభువుల మీద నిఘా పెట్టే పెద్ద ఇన్‌స్పెక్టరు. అందరి తప్పులూ రాసేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆయనకు ఒక స్నేహితుడు తకువాన్ అనే జెన్ సన్యాసి. రెండేళ్ళు చిన్న. నోటికి అడ్డులేని మనిషి. సన్యాసులకు ఊదారంగు కాషాయం ఇచ్చే హక్కు చక్రవర్తిదా, షోగన్‌దా అనే తగాదాలో షోగన్‌ను ఎదిరించి, 1629లో ఉత్తరాన చలిప్రాంతానికి దేశబహిష్కారం అయ్యాడు. మూడేళ్ళకు వదిలారు. ఈయన మునెనోరికి రాసిన పొడుగు ఉత్తరం ఒకటి ఇప్పటికీ చదువుతారు. కదలని జ్ఞానం గురించిన రాత అని దాని పేరుకు అర్థం. కదలనిది అంటే జపాన్‌వాళ్ళ ఫుదో దేవుడు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో తాడు, చుట్టూ మంటలు. ఆయన మన సంస్కృతంలో అచలుడే.

ఉత్తరంలో చెప్పినది మాకు అర్థమైనంత చెప్తాం. కదలకపోవడం అంటే రాయిలాగా, కర్రలాగా ఉండడం కాదంటాడు తకువాన్. మనసు నాలుగు వైపులా తిరుగుతూనే ఉండాలి, ఎక్కడా నిలిచిపోకూడదు. ఎదుటివాడి కత్తి మీద మనసు నిలిచిందా, నిన్ను ఆ కత్తి పట్టేసింది. నీ కత్తి మీద నిలిస్తే నీ కత్తే నిన్ను పట్టేసింది. దెబ్బ తగలకూడదు అనే భయం మీద నిలిస్తే అదీ అంతే. వేయి చేతుల కన్నోన్ విగ్రహం పోలిక చెప్తాడు, కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడు. విల్లు పట్టిన ఒక్క చేతిమీద మనసు ఆగిపోతే మిగతా తొమ్మిదివందల తొంభైతొమ్మిది చేతులు ఎందుకూ పనికిరావు. ఇంకో పోలిక పిల్లిది. పిచ్చుకపిల్లను పట్టకుండా పిల్లిని ఎంతకాలం తాడు కట్టి పెడతావు? కొత్తలో మనసును అలా కట్టాలి, నిజమే. కట్టు విప్పినా పిచ్చుకను ముట్టని పిల్లి అయ్యేదాకా సాధన చేయాలి.

ఇంతవరకు ఇది ధ్యానం పాఠం. చాలామంది ఇక్కడితో పుస్తకం మూసేస్తారు, బొమ్మ పెట్టి ఫార్వర్డ్ చేసేదీ ఇంతవరకే. మాకు చివరి పేజీ ముఖ్యంగా తోచింది. అక్కడ తకువాన్ తత్వం ఆపి నేరుగా మనిషి మీదికి వస్తాడు. మీ అబ్బాయి నడత బాగాలేదని వింటున్నాను, తండ్రి నడత సరిగా లేనప్పుడు కొడుకును అనడం తిరకాసు పని అంటాడు. మీకు మీ నాట్యం మీద గర్వం ఎక్కువైంది, పిలవకపోయినా ప్రభువుల ముందుకు పోయి నో నాట్యం చేసి చూపిస్తున్నారు, ఇది ఒక జబ్బు అంటాడు. మీతో ఇంపుగా మాట్లాడే ప్రభువుల గురించి షోగన్ దగ్గర మంచిగా చెప్తున్నారట, ఇది బాగా ఆలోచించుకోండి అంటాడు. ఎవరితో? దేశంలో అందరికన్నా పెద్ద కత్తి గురువుతో. అందరి తప్పులూ ఏరే ఇన్‌స్పెక్టరుతో!

కత్తి ఎక్కడ పట్టాలి, కాలు ఎక్కడ పెట్టాలి అనే ఉత్తరంలో కొడుకు నడతకు, నాట్యం గర్వానికి ఏం పని అని అడగవచ్చు. పని ఉంది. ఎదుటివాడి కత్తిమీద నిలిచే మనసు, ప్రభువు మెచ్చుకోలు మీద నిలిచే మనసు రెండూ ఒకటే. సాధన చేసే గదిలో నిలవకుండా ఉండి, కొలువులో పొగడ్త దగ్గర నిలిచిపోతే, గదిలో నేర్చింది ఏమిటి?

మునెనోరి ఏం ఆలోచించేవాడో ఆయన 1632లో రాసిన కుటుంబ గ్రంథం హెయిహో కదెన్‌షో చూస్తే కొంత తెలుస్తుంది, అందులో జెన్ మాటల నీడ బాగా కనిపిస్తుంది. ప్రాణం తీసే కత్తి, ప్రాణం నిలిపే కత్తి అనే భాగాలు ఉన్నాయి. అందులో జబ్బుల జాబితా ఒకటి ఇస్తాడు. గెలవాలి అనే ఒక్క తలపే పట్టుకొని ఉండడం జబ్బు. నేర్చిన పట్టు వాడి చూపించాలి అనుకోవడం జబ్బు. ముందు నేనే కొట్టాలి అనడం జబ్బు, వాడు కొట్టేదాకా కాచుకొనే ఉండాలి అనడమూ జబ్బే. చివరిది చూడండి, ఈ జబ్బులన్నీ వదిలించుకోవాలి అని అదేపనిగా తపించడం కూడా జబ్బే అంటాడు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు పుస్తకం చూసి రాసింది కాదు ఇది. అరవై దాటినవాడు, షోగన్ పక్కన కూర్చొనే మనిషి, తన ఇంటివాళ్ళ కోసం రాసిపెట్టింది. తన పేరూ అందులో ఉంది అని తెలిసే రాశాడని మాకు అనిపిస్తుంది.

మేము రైల్వేలో బుకింగ్ కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ళం గనుక ఇక్కడ ఒక మాట. కౌంటర్ ఎక్కేముందు జేబులో సొంత డబ్బు ఎంత ఉందో పుస్తకంలో రాయాలి, పది రూపాయలైనా సరే. దిగేముందు క్యాష్ లెక్క ముగించాలి. తక్కువ వస్తే చేతినుంచి కట్టాలని అందరికీ తెలుసు. ఎక్కువ వచ్చినా దాన్ని ఎక్సెస్ అని రాసి రైల్వేకే కట్టాలని బయటివాళ్ళకు తెలియదు. విజిలెన్స్‌వాళ్ళు వస్తే ముందు వెతికేది ఎక్కువ డబ్బునే. తకువాన్ మునెనోరి దగ్గర వెతికింది కూడా ఎక్కువనే, తక్కువను కాదు. విద్య తక్కువ అని ఆయన ఎక్కడా అనలేదు.

తర్వాతి కాలం త్వరగా చెప్పేస్తాం. 1882లో కానో జిగొరో అనే యువ ఉపాధ్యాయుడు టోక్యోలో ఎయిషోజి అనే బౌద్ధ ఆలయంలో పన్నెండు చాపల గదిలో జూడో మొదలుపెట్టాడు. 1922లో ఒకినావా దీవుల నుంచి ఫునకోషి కరాటేను టోక్యోకు తెచ్చాడు. ఎదుటివాడికన్నా ముందు నిన్ను నువ్వు తెలుసుకో అనే అర్థంలో ఆయన శిష్యులకు నియమాలు పెట్టాడు. మన పిల్లలు క్లాసు మొదట్లో, చివర్లో మోకాళ్ళ మీద కూర్చొని కళ్ళు మూసుకొంటారే, దాన్ని మొకుసో అంటారు. అది ప్రార్థన కాదు. మొదట్లో బయటి గొడవ వదిలేయడానికి, చివర్లో ఈ రోజు ఏం చేశామో చూసుకోవడానికి. కెండోలో ఇంకొకటి ఉంది, జాన్‌షిన్. దెబ్బ కొట్టిన తర్వాత కూడా మనసు అక్కడే మేలుకొని ఉండాలి. పాయింటు వచ్చిందని గంతులేస్తే ఇచ్చిన పాయింటును జడ్జీలు వెనక్కి తీసుకొంటారు. క్రికెట్టులో ఈ రూలు పెడితే ఎన్ని వికెట్లు మిగులుతాయో!

ఇక్కడ ఆపేస్తే ఈ రాత కూడా ఆ మెసేజీలాగే అవుతుంది. కూర్చొని కళ్ళు మూసుకొన్నంత మాత్రాన మనిషి మంచివాడైపోడు. ఇరవయ్యో శతాబ్దంలో జపాన్ సైన్యం చైనాలో, ఆసియాలో చేసిన ఘోరాలకు అదే జెన్ మఠాల్లోని పెద్దపెద్ద గురువులు కొందరు ఆశీర్వాదం ఇచ్చారు. మనసు ఎక్కడా నిలవకూడదు అనే మాటను, చంపేటప్పుడు ఆలోచించకు అని తిప్పి సైనికులకు నూరిపోశారు. బ్రయన్ విక్టోరియా అనే ఆయన, తానే జెన్ సన్యాసి అయి ఉండి, 1997లో దీనిమీద పుస్తకం రాశాడు. అంతకు ముందే 1992లో సోతో జెన్ శాఖ, యుద్ధకాలంలో, వలసల కాలంలో తాము చేసిన తప్పులు ఒప్పుకొంటూ పశ్చాత్తాప ప్రకటన ఇచ్చింది. యుద్ధం అయి నలభైఏడేళ్ళకు. ఆలస్యమే. అయినా ఎన్ని మఠాలు, ఎన్ని సంఘాలు అంతమాత్రం చేశాయో చెప్పండి.

ఇంకొక ఉదాహరణ హెరిగెల్ అనే జర్మన్ ప్రొఫెసరు. 1920లలో జపాన్‌లో సెందాయిలో ఉద్యోగం చేస్తూ ఆవా కెంజో అనే గురువు దగ్గర విలువిద్య నేర్చుకొన్నాడు. 1948లో దానిమీద రాసిన చిన్న పుస్తకం లోకమంతా అమ్ముడుపోయింది, ధ్యానం, విలువిద్య అనగానే అందరూ దాన్నే చెప్తారు. ఆ పుస్తకంలోని పెద్ద మాటలు గురువు చెప్పినప్పుడు దుబాసీ పక్కన లేడని, ఆ గురువుకు జెన్ మఠంతో సాధన సంబంధమే లేదని యమాదా షోజి అనే జపాన్ పరిశోధకుడు తర్వాత చూపించాడు. హెరిగెల్ ఇంటికి పోయి 1937లో నాజీ పార్టీలో చేరాడు. బాణం వదిలేటప్పుడు అహం వదిలేయడం గురించి అంత అందంగా రాసిన మనిషి ఆ సభ్యత్వం గురించి పుస్తకంలో ఒక్క ముక్క రాయలేదు. ధ్యానం ఉంది, తకువాన్ ఉత్తరం చివరి పేజీ లేదు.

మనవైపు ఏముంది అని అడుగుతారు. ఉంది. కర్రసాము, కత్తిసాము మన మాటలే. సాము చేసే చోటును మనవాళ్ళు గరిడి అన్నారు, కర్ణాటకలో గరడి మనె అంటారు. తాలింఖానా అంటే నేర్పే చోటు అని అర్థం, మహారాష్ట్ర సభ్యులు కుస్తీ నేర్చే చోటును తాలీమ్ అని ఇప్పటికీ అంటారు. ఒడిశావాళ్ళకు అఖాడా. విజయనగరంలో వ్యాయామ శిక్షణ ఇచ్చి, తర్వాత సర్కస్ పెట్టి దేశదేశాలు తిరిగిన కోడి రామ్మూర్తి నాయుడుగారు కలియుగ భీముడని పేరు తెచ్చుకొన్నది కండతో మాత్రమే కాదు, ప్రాణాయామంతో. ఊపిరిని బిగబట్టి గొలుసులు తెంచేవారు. కుస్తీ గోదాలో ముందు పిల్లలు పారపట్టి మట్టి తవ్వాలి, ఎవరి కొడుకైనా సరే. సిలంబం ఆసాన్ ముందు నేల తాకి దండం పెట్టిస్తాడు. ఇవి రాసిపెట్టిన శాస్త్రాలు కావు. అందుకే మెసేజీల్లోకి రావు. తన తప్పు ముందు చూసుకొమ్మనే మాట మేము బడిలో తిరుక్కురళ్‌లో బట్టీ పట్టాం, ఇంట్లో వేమన పద్యంలో విన్నాం. దానికోసం చైనాదాకా పోనక్కరలేదు, చైనావాళ్ళది మనదని చెప్పుకోనూ అక్కరలేదు.

ఇప్పుడు మలర్ సంగతి. బోధిధర్ముడి పేజీ వేయవద్దని మా అభిప్రాయం. మన పిల్లలు రేపు ఏ కాలేజీలోనో ఆ పేజీ చూపిస్తే, ఒక చైనా విద్యార్థి 1624 అని ఒక్క మాట అంటే నోరెత్తలేరు. అదీగాక ఈ ఊళ్ళో మనం మూడువందల ఏళ్ళుగా ఉన్నవాళ్ళం, మన చుట్టూ ఉన్న తమిళ అన్నదమ్ములు కంచి వాళ్ళదంటారు, మనం మనదంటాం, చచ్చి పదిహేనువందల ఏళ్ళయిన సన్యాసి కోసం తగాదా పడతాం. ఆ సన్యాసి అన్నీ వదిలేసి పోయినవాడు! కోపం వచ్చినవాళ్ళు కమిటీ మీటింగుకు వచ్చి చెప్పండి, వినడానికి కూర్చుంటాం. ఏదైనా పాత శాసనం ఉందంటే తీసుకురండి, కళ్ళకద్దుకొని వేస్తాం.

ఆ పేజీ బదులు రెండు పెడదామని అనుకొంటున్నాం. ఒకటి మైదవోలు, హిరేహడగళ్ళి రాగిరేకుల గురించి, ఉన్నది ఉన్నట్టు. రెండోది మన ఊళ్ళ పాత గరిడీలు, తాలింఖానాలు. మీ ఇంట్లో తాతలు, మేనమామలు సాము నేర్చినవాళ్ళు ఉంటే అడగండి. ఆ గోదా ఏ వీధిలో ఉండేది, గురువును ఏమని పిలిచేవాళ్ళు, మొదటి రోజు ఏం చేయించేవాళ్ళు, ఎవరిని ఎందుకు బయటికి పంపేసేవాళ్ళు. ఆ చివరి ప్రశ్న మరిచిపోకండి, చాలా సంగతులు దాంట్లోనే ఉంటాయి. పట్టులకు తెలుగులో ఏం పేర్లు ఉండేవో, అవి తమిళంలోకో కన్నడంలోకో ఒడియాలోకో ఎలా మారాయో కూడా రాయండి. యానాంవాళ్ళ దగ్గర నుంచి మాకు ఇంతవరకు ఒక్క ఉత్తరం రాలేదు, ఈసారైనా పంపండి.

పాత ఫోటోలు ఉంటే ఫోనులో తీసి పంపితే చాలు, అసలు ఫోటో పోస్టులో వేయకండి, పోతుంది. వెనకవైపు ఏమైనా రాసి ఉంటే ఆ పక్కను కూడా తీయండి. ఏ ఊరు, సుమారు ఏ సంవత్సరం, ఎవరు ఎవరు అని రాయండి. తెలియని పేరు దగ్గర తెలియదు అనే రాయండి, ఊహించి నింపవద్దు. పండుగకు ముందు అందితే అచ్చుకు సరిపోతుంది.